కర్ణం దారి

గౌరి ఈ రైల్వే ఊళ్ళో మా ఓల్డ్ సెటిల్‌మెంట్ అమ్మాయే. మా వెనక వరసలో ఉంటుంది. ఈమధ్యే రైల్వే ఇంజనీరింగ్ శాఖలో ఉద్యోగం వచ్చింది. గోల్‌బజార్ నుంచి మిఠాయి పొట్లం పట్టుకొచ్చి, కాళ్ళకు దండం పెట్టి, లేచీ లేవకముందే నాకు పని అప్పగించింది.

"తాతా, నువ్వు సర్వేలో అన్నేళ్ళు సేసినావు కదా. ఆ పనేటో నాలాటోళ్ళకి అర్థమయ్యేలాగ రాసియ్యవా?"

"ఏటి రాయమంటావే? మీకిప్పుడు మిషన్లొచ్చినాయి. మూడు కాళ్ళ మీద నిలబెట్టి మీట నొక్కితే దూరం వచ్చి పడతాది. మా టేపుల గోల నీకెందుకు?"

"మిషను దూరం సెప్తాది తాతా. ఆ దూరంతో ఏటి సెయ్యాలో సెప్పదు కదా."

ఆ మాట నిజమే. అందుకే రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ గ్రేడు వచ్చిందో, ఏ కాగితం ఎన్ని బల్లల మీద నిద్రపోయిందో ఇందులో ఉండదు. అవి తలుచుకుంటే నాకే ఆవలింతలు వస్తాయి. నాకు ఏదైనా నేర్పిన సంగతులు రెండో మూడో ఉన్నాయి, అవే చెబుతాను. నవ్వుతూ మొదలుపెడతాను గాని నవ్వుతూ ముగించలేను. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది.

మేం చేసిన పని

రెండు చోట్ల మధ్య దూరం ఎంతో చెప్పడం, అదీ మా పని. మధ్యలో అడ్డం ఏమీ లేకపోతే టేపు పట్టుకుని ఎవరైనా చెప్పగలరు. కాని రైల్వేలో అడ్డం లేని చోటు ఎక్కడుంది? కొలుద్దామని వెళ్ళేసరికి బొగ్గు వ్యాగన్ల వరస ఒకటి వచ్చి నిలబడుతుంది. అది కదిలేలోగా పక్క లైను మీద ఇంకొకటి. లేదంటే మధ్యలో చెరువు, ఎవరి వంటగదో, ఏ షెడ్డు గోడో.

అలాంటప్పుడు చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఎక్కడో ఒక మూల సరిగ్గా గునియాకి వచ్చేలా, అంటే లంబకోణం వచ్చేలా కొయ్యమేకు, మా మాటల్లో పెగ్గు, పాతుకోవాలి. అక్కడి నుంచి ఇటొక భుజం, అటొక భుజం కొలవాలి. రెండింటినీ వర్గం చేసి కూడి మూలం తీస్తే మనం నడవలేని మూడో భుజం పొడవు వస్తుంది. గౌరీ, నువ్వు ఇది ఎనిమిదో తరగతిలో చదివి మరిచిపోయి ఉంటావు. నేను మాత్రం ఉద్యోగమంతా దీని మీదే బతికాను.

ఆ మూడో భుజానికి ఆఫీసులో ఇంగ్లీషు పేరు. మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ బిశ్వాస్‌దా నోట బెంగాలీ పేరు. నేను రైల్వే బళ్ళో తెలుగులో చదువుకున్నవాణ్ణి కాబట్టి నాకది ఎప్పటికీ కర్ణమే. లెక్క వేసేటప్పుడు నాకు తెలియకుండానే ఆ మాట పైకి అనేవాణ్ణి. అలా అనడం వల్లే సింహాచలానికీ నాకూ స్నేహం కుదిరింది.

సింహాచలం మా సెక్షన్‌లో ఖలాసీ. టేపు రెండో కొస పట్టుకునేవాడు. వాళ్ళ నాన్నది టెక్కలి దగ్గర పల్లె, వర్క్‌షాపులో పనికి ఈ బెంగాలీ ఊరికి వచ్చినవాడు. సింహాచలం నాకన్నా పదేళ్ళు పెద్ద. అందుకని నేను అన్నా అనేవాణ్ణి. అతను ఆఫీసర్ల ముందు నన్ను బాబూ అనేవాడు, ఆఫీసు గేటు దాటగానే తమ్ముడ అనేవాడు. మనిషి పని విషయంలో అంత గొప్పవాడేం కాదు, నిజం చెప్పుకోవాలి. అటు కొసన టేపు పట్టుకుని ఛాయ్‌వాలాతో కబుర్లలో పడేవాడు. మూడుసార్లు అరిస్తే గాని ఇటు చూసేవాడు కాదు. అయినా ఎవరిని తీసుకెళ్తావంటే నేను అతని పేరే చెప్పేవాణ్ణి. అతనుంటే ఎండ తెలిసేది కాదు.

మొదటి రోజుల్లో ఒకసారి అడిగాడు.

"మాటికీ కర్ణం కర్ణం అంటన్నావు, ఆ కర్ణం ఎవుడు బాబూ?"

"ఎవరూ కాదన్నా. ఈ మూడు గీతల్లో పెద్ద గీత."

"అన్నిట్లోకీ ఆడే పెద్దోడేటి?"

"ఆ. ఎప్పుడూ అదే పెద్దది."

"అయితే మావూరి కర్ణమే" అన్నాడు. వాళ్ళ తాతకున్న మడిచెక్క ఊరి కరణం కొలతల్లో ఏడాదికింత కరిగిపోయిందట. "మా తాత గట్టు మీద నిలబడి సూస్తన్నాడు, ఆడు గొలుసు పట్టి కొలస్తన్నాడు. కొలిసినప్పుడల్లా ఆడి పక్క పెరిగీది, మాది తరిగీది."

నేను నవ్వి, ఈ కర్ణం అలాంటివాడు కాదన్నాను. ఒక్కొక్క భుజంతో పోలిస్తే వీడు పెద్దవాడే, కాని రెండు భుజాలూ కలిశాయంటే వాటి ముందు చిన్నవాడైపోతాడు అని గీసి చూపించాను. సింహాచలం ఆ బొమ్మ వంక చాలాసేపు చూశాడు. తర్వాత ఎక్కడ యూనియన్ మీటింగు జరిగినా, "రెండు భుజాలు కలిస్తే కర్ణం సిన్నోడైపోతాడు, మా బాబు లెక్కేసి సెప్పినాడు" అని అరిచేవాడు. వినేవాళ్ళకు ఏం అర్థమయ్యేదో గాని చప్పట్లు మాత్రం బాగా పడేవి.

అందరికీ సమానంగా కోత

ఒక స్టోరు గదికి పునాది గీతలు వేయమన్నారు. చిన్న పని. లంబకోణం కోసం ముప్పై అడుగులు ఒక వైపు, నలభై ఒక వైపు, వాటి కొసల మధ్య యాభై వస్తే మూల గునియాకి ఉన్నట్టు. మేస్త్రీలందరూ చేసేదే. మేం గీతలు వేసి వచ్చేశాం, వాళ్ళు గోడ లేపారు. కప్పు రేకులు తెచ్చి పరిస్తే ఒక మూల నుంచి ఇంకో మూలకు వెళ్ళేసరికి రేకు గోడ దాటి అవతలికి పోయింది.

బిశ్వాస్‌దా వచ్చాడు. గోడ వంక చూసి, "తుమ్హారా దీవార్ నాచ్‌తా హై" అన్నాడు, మీ గోడ నాట్యమాడుతోందని. మూల విచ్చుకుంది, కొద్దిగానే. గది చివరికి వచ్చేసరికి ఆ కొద్దీ పెద్దదైంది. నా లెక్కలో తప్పు లేదు. బిశ్వాస్‌దా టేపు తెప్పించి చూశాడు. కొసన ఇత్తడి కడియం ఊడిపోయి, మొదటి అడుగు నలిగి ఉంది.

"ఎక్కడ పట్టుకున్నావు?" అని సింహాచలాన్ని అడిగాడు.

"ఒకటి కాడ పట్టినాను దాదా. కొస పాడయిపోనాది కదా."

"మూడు భుజాలకీనా?"

"మూడింటికీ. ఒకదానికి తగ్గించి ఒకదానికి తగ్గించకపోతే అన్నాయం కదా. అందరికీ సమానంగానే కోసినాను."

బిశ్వాస్‌దాకు కోపం రావాల్సింది, నవ్వు వచ్చింది. నన్ను కూర్చోబెట్టి లెక్క వేయించాడు. ఒక్కో అడుగు తగ్గి ఇరవై తొమ్మిది, ముప్పై తొమ్మిది భుజాలైతే కర్ణం నలభై తొమ్మిది కాకూడదు, ఇంకా కాస్త తగ్గాలి. మూడింటికీ ఒకే కోత పెట్టేసరికి కర్ణం ఉండాల్సిన దానికన్నా పొడుగైంది, మూల విచ్చుకుపోయింది.

నేను ఈ సంగతి సింహాచలానికి చెప్పాను. అతను తల కొట్టుకున్నాడు.

"సూసినావా తమ్ముడ. సమానంగా కోసినా లాభం కర్ణానికే!"

గోడ ఒక వైపు కూల్చి మళ్ళీ కట్టారు. అప్పటి నుంచి నేను టేపు విప్పేముందు దాని కొస నా వేళ్ళతో తడిమి చూసేవాణ్ణి. గౌరీ, నీ మిషన్ కూడా ఎక్కడి నుంచి మొదలుపెట్టి కొలుస్తోందో ముందు చూసుకో. అంకె ఎంత చక్కగా వచ్చినా మొదలు తప్పయితే అంతా తప్పే.

బిశ్వాస్‌దా నడక

బిశ్వాస్‌దా మంచి బాసు కాదు. సెలవు అడిగితే ముఖం మాడ్చుకునేవాడు. తనకు నచ్చినవాళ్ళకు నీడపట్టు పని, నచ్చనివాళ్ళకు ఎండలో పని. నన్ను రెండేళ్ళు ఎండలోనే తిప్పాడు. అయినా ఒక అలవాటుంది ఆయనకు. కొలత అయిపోయి, బొమ్మ గీయడం అయిపోయాక, ఆ చోటికి తను స్వయంగా వెళ్ళి గీత పొడవునా నడిచేవాడు. గొడుగు వేసుకుని, ధోవతి కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, బురదయితే బురదలోనే. ఎందుకు దాదా ఈ శ్రమ అంటే, "పాయే హేటే దేఖో" అనేవాడు. కాళ్ళతో నడిచి చూడు అని. బొమ్మలో గీత ఉన్న చోట ఒకసారి ఆయనకు ఊబి దొరికింది, ఇంకోసారి తేనెపట్టు. ఆయన బొమ్మలు దిద్దించిన కారణాలన్నీ అలాంటివే.

ఎవరితో పనిబడ్డా వాళ్ళనూ నడిపించేవాడు. ఆఫీసరైనా సరే, కాంట్రాక్టరైనా సరే, "చలియే సాబ్, థోడా ఘూమ్‌కే ఆతే హైఁ" అని మర్యాదగా బయలుదేరదీసేవాడు. నేను దాన్ని ముసలివాడి ఛాదస్తం అనుకున్నాను. నిమ్‌పురా యార్డు మీద నడకవంతెన పని వచ్చేనాటికి ఆయన రిటైరై ఊరు వెళ్ళిపోయాడు. ఇప్పటికీ అనుకుంటాను, ఇంకొక్క ఏడాది ఆయన ఉండి ఉంటే ఎంత బాగుండేదని.

పెగ్గమ్మ

సింహాచలం ఉండేది నిమ్‌పురాలో, యార్డు పక్క క్వార్టర్ల వరసలో. మా ఆఫీసు యార్డుకు అవతలి వైపు. ఇంటి గుమ్మం దిగితే ఎదురుగా ఆఫీసు గేటు కనబడుతుంది, మధ్యలో లైన్లు. యార్డు అక్కడ కడుపులా ఉబ్బి ఉంటుంది, లైన్లన్నీ విచ్చుకుని ఉంటాయి. కొంతదూరం పోతే గొంతులా సన్నబడి లైన్లు దగ్గరపడతాయి. ఆ వరసలో మగవాళ్ళందరూ కడుపు మీంచే దాటేవారు. పొద్దున్న డ్యూటీకి, మధ్యాహ్నం భోజనానికి, సాయంత్రం ఇంటికి. ఆగి ఉన్న వ్యాగన్ల సందుల్లోంచి, ఒక్కోసారి కిందనుంచి. దాన్ని అడ్డదారి అనేవారు.

సింహాచలం భార్య పోలమ్మ, నాకు వదిన. భోజనం వేళకు సందు చివర నిలబడి, మొగుడు చివరి లైను దాటేదాకా చూసి అప్పుడు లోపలికి వెళ్ళి అన్నం వడ్డించేది. అదే వరసలో ఒకాయనకు కాలు పోయాక ఆ భయం ఇంకా పెరిగింది. నేను ఎప్పుడు కనబడినా అదే మాట.

"బాబూ, పైవోళ్ళకి సెప్పి మాకొక వంతెన ఏయించవా? ఈ మనిషి ఎనక్కొచ్చేదాకా నా పేనం పేనంలో ఉండదు."

చివరికి వంతెనకు అనుమతి వచ్చింది. కడుపు దగ్గర ఈ వరస చివర నుంచి ఆఫీసు గేటు దాకా దూరం ఎంతో తేల్చమని నాకు చెప్పారు. ఆరోజు ఎంత ఆనందపడ్డానో. టేపు నేరుగా పట్టే దారి లేదు, వ్యాగన్లు ఎప్పుడూ ఉంటాయి. కాబట్టి గొంతు దగ్గర ఒక మూల చూసుకున్నాం. వరస చివర ఒక పెగ్గు. అక్కడి నుంచి యార్డు గోడ వెంబడే గొంతు దాకా వెళ్ళి రెండో పెగ్గు, సరిగ్గా గునియాకి వచ్చేలా జరిపి జరిపి పాతింది. అక్కడి నుంచి లైన్లు దాటి అవతలి బాట వెంబడి ఆఫీసు గేటు దాకా వచ్చి మూడో పెగ్గు. మొదటి భుజం రెండు వందల నలభై మీటర్లకు దగ్గరగా, రెండోది నూట ఎనభైకి దగ్గరగా వచ్చాయి. కర్ణం మూడు వందలు.

"కర్ణం తేలినాడా?" అన్నాడు సింహాచలం చెమట తుడుచుకుంటూ.

"తేలాడన్నా. మూడొందలు."

"ఇన్నేళ్ళకి ఈ కర్ణం మనకి పనికొస్తన్నాడు తమ్ముడ."

మర్నాడు పెగ్గులు సరిచూద్దామని వెళ్తే వరస చివర కొయ్యపెగ్గు పచ్చగా మెరుస్తోంది. పసుపు పూసి, కుంకుమ పెట్టి, మందారాలు చుట్టారు. పక్కన కొబ్బరి చెక్కలు. ఆడవాళ్ళందరూ తలస్నానం చేసి నిలబడి ఉన్నారు.

"ఇదేటి వదినా?"

"మన వంతెన కాలు కదా బాబూ. పైడితల్లమ్మకి మొక్కీసినాం. నీకు పెసాదం దాసినాను, తిను."

"అయ్యో, ఇది ఒట్టి పెగ్గు వదినా. కొలత కోసం పాతినాం. వంతెన ఎక్కడొస్తాదో సాహెబులు సెప్పాల."

"మీరు కొలిసినారా నేదా?"

"కొలిసినాం."

"మరింకేటి? కొలిసినాక రాకపోడమేటి?"

మా వాళ్ళ పల్లెల్లో గొలుసు పట్టి కొలిచారంటే ఆ పని జరిగిపోయినట్టే లెక్క. పోయే భూమి పోతుంది, పడే రోడ్డు పడుతుంది. కొలిచి వదిలేయడం అనేది ఉంటుందని వాళ్ళకు తెలియదు. మా ఆఫీసులో కొలిచి వదిలేసినవే ఎక్కువని నాకు తెలుసు. కొబ్బరిముక్క నోట్లో పెట్టుకుని ఊరుకున్నాను. ఎవరో కుర్రకారు దానికి పెగ్గమ్మ అని పేరు కూడా పెట్టేశారు. సింహాచలం ఆ పేరు విని, ఆ తల్లికి ఏం నైవేద్యం పెట్టాలో తనకు బాగా తెలుసని అంటే వదిన కసిరింది.

రెండు నిమిషాలు

బొమ్మ పట్టుకుని ఇంజనీరు సాహెబు గదికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు. నన్ను కూర్చోమన్నాడు. బొమ్మను చాలాసేపు చూసి, వేలు తీసుకెళ్ళి గొంతు దగ్గర పెగ్గు మీద పెట్టాడు.

"వంతెన ఇక్కడ వేద్దాం" అన్నాడు హిందీలో. "కడుపు మీద వేస్తే లైన్ల మధ్య ఎన్ని స్తంభాలు దించాలి? షంటింగు నెలల తరబడి ఆపాలి. ఎవరూ ఒప్పుకోరు, ఫైలు ఎక్కడో చస్తుంది. గొంతు దగ్గరయితే ఈ ఏడే అయిపోతుంది. నువ్వు నా కుర్చీలో ఉంటే ఏం చేస్తావు?"

"జనం అటు రారు సార్."

"క్యూఁ నహీఁ ఆయేంగే? తేడా ఎంత?"

రెండు భుజాలు కలిపితే నాలుగు వందల ఇరవై. కర్ణం మూడు వందలు. "నూట ఇరవై మీటర్లు సార్."

"బస్? దో మినట్ కా రాస్తా. రెండు నిమిషాల కోసం ఎవడైనా ప్రాణం మీదకు తెచ్చుకుంటాడా?"

మళ్ళీ చెప్పాను. బొమ్మ మీద నా అభిప్రాయం రాసి సంతకం పెట్టాను కూడా. ఆయన విసుక్కోలేదు. "ఠీక్ హై, నోట్ కర్ లియా" అన్నాడు. నేను కర్ణం కోసం కొలిచిన భుజాలే జనం నడవాల్సిన దారి అయిపోయాయి. పసుపు పూసిన పెగ్గు దగ్గర వంతెన రాలేదు, ఎవరూ పువ్వు పెట్టని పెగ్గు దగ్గర వచ్చింది.

ఇందులో నేను చేసిన తప్పుందని అనుకోను. చెప్పాల్సింది చెప్పాను. కాని విచారం తప్పు చేసినవాడికే రావాలని లేదు. నేను ఆ గదిలోకి అంకె పట్టుకుని వెళ్ళాను. ఆయన ఆ అంకెతోనే నాకు జవాబు చెప్పాడు, అంకెల ప్రకారం ఆయనదే గెలుపు. కాగితం మీద త్రిభుజం నేల మీద పడుకుని ఉంటుంది. ఎక్కే మెట్లు, దిగే మెట్లు అందులో ఉండవు. మే నెల ఎండ ఉండదు. ఎదురుగా ఇల్లు కనబడుతుంటే వీపు తిప్పి వేరే వైపు నడవడం మనిషికి ఎంత కష్టమో ఉండదు. బిశ్వాస్‌దా అయితే ఆ సాహెబును భోజనం వేళకు వరస చివరికి తీసుకెళ్ళి, "చలియే సాబ్" అని రెండు భుజాలూ నడిపించేవాడు. నూట ఇరవై మీటర్లు అంటే ఎంతో ఆయన కాళ్ళకు తెలిసేది. అలా చేయవచ్చని నాకు ఆ వేళ తోచనే లేదు. ఇన్నేళ్ళుగా నన్ను తినేస్తున్నది ఇదే.

గౌరీ, నీకు నేను చెప్పగలిగిన పని రహస్యం ఏమైనా ఉంటే ఇంతే. దూరం ఎంతో కాగితం మీద చెప్పకు. చెప్పాల్సినవాణ్ణి ఆ దూరం నడిపించు.

అడ్డదారి

వంతెన బాగా కట్టారు. ఆ మాట దాచను. రంగులు వేసి, మిఠాయిలు పంచి తెరిచారు. పోలమ్మ వదిన అందరికన్నా ముందు ఎక్కి, పైన నిలబడి యార్డంతా చూసి, నా వైపు తిరిగి చేతులు జోడించింది. కాస్త దూరమైందని ఆమె ఒక్కమాట అనలేదు. కొన్నాళ్ళు మగవాళ్ళు కూడా దాని మీంచే వచ్చారు. తర్వాత ఒక్కొక్కరే అడ్డదారి పట్టారు. వంతెన మీద సాయంత్రాలు ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని ఇంజన్లు చూపించేవారు.

వదిన సింహాచలంతో దెబ్బలాడేది. నా ఎదుటే ఒకసారి చేతులు పట్టుకుంది.

"మనిసీ, నీ కాళ్ళకి దండం పెడతాను, ఆ మెట్లమ్మట రా."

"ఓలె, నా ఉజ్జోగమంతా కర్ణాన్ని కొలిసినాను. ఇప్పుడు నన్ను భుజాలమ్మట తిరగమంటావేటి?"

వదిన తప్ప అందరం నవ్వాం.

పాత పెగ్గులు తీసేయమని చెప్పారు. గొంతు దగ్గరది పునాదిలోనే పోయింది. గేటు దగ్గరది పీకేశాం. వరస చివరకు వచ్చేసరికి పెగ్గమ్మ ముందు ప్రమిద ఉంది, పువ్వులు తాజాగా ఉన్నాయి.

"నువ్వు పీకు తమ్ముడ. నా సెయ్యి రాదు" అన్నాడు సింహాచలం.

నా చెయ్యీ రాలేదు. వదిలేసి వచ్చాం. మగవాళ్ళు పట్టాల్లోకి దిగేముందు దాన్ని తాకి కళ్ళకద్దుకోవడం మామూలైంది. సర్వేవాడికి పెగ్గు అంటే ఇక్కడి నుంచి కొలత మొదలని గుర్తు. వాళ్ళకు మాత్రం ఇక్కడి నుంచి భయం లేదని గుర్తయింది. అప్పుడు నాకది ముచ్చటగా అనిపించేది, ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజే పీకేయాల్సింది అనిపిస్తుంది.

నిమ్‌పురాలో వ్యాగన్లను గట్టు మీదికి నెట్టి వదులుతారు. అవి ఇంజను లేకుండా వాటంతటవే దొర్లుకుంటూ వస్తాయి. చప్పుడు పెద్దగా ఉండదు. ఆ సంగతి యార్డులో అందరికీ తెలుసు, సింహాచలానికి మరీ తెలుసు. ఒక మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ ఆగి ఉన్న వరస వెనక నుంచి పక్క లైను మీదికి అడుగు వేశాడు. నేను బల్ల దగ్గర ఉన్నాను. గేటు కాపలా మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి, నా పేరు పిలిచి, యార్డు వైపు చెయ్యి చూపించాడు. నేను వెళ్ళేసరికి వదిన అక్కడే ఉంది. రోజూలాగే సందు చివర నిలబడి చూస్తూనే ఉందట.

అక్రమంగా పట్టాలు దాటుతూ అని రిపోర్టులో రాశారు. రాసినదాంట్లో అబద్ధం లేదు, దగ్గర్లోనే వంతెన ఉంది కదా. ఆ వాక్యం చదివి నేను ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

శ్మశానం యార్డుకు అవతలి వైపు, ఆఫీసు గేటు దాటాక. పాడె ఎత్తి బయలుదేరాక ముందున్నవాళ్ళు అలవాటు కొద్దీ అడ్డదారి వైపే తిరిగారు. వదిన పెగ్గుకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఇటు కాదు. వంతెన మీంచి తీసికెల్లండి."

"సుట్టూ అవుతాదమ్మా" అన్నాడు ఒక పెద్దాయన. "పాడెతోటి మెట్లెక్కడం కష్టం."

"సుట్టే అవనీ. ఒక్కసారైనా ఆ దారినెల్లనీండి."

గోడ వెంబడి తిరిగాం. ముందు ఎడమ పక్క నేను మోస్తున్నాను. ఈ గోడ పొడవునే అతనూ నేనూ టేపు పరుచుకుంటూ వెళ్ళింది. మెట్ల దగ్గర ముందున్న మేం వంగాం, వెనకవాళ్ళు చేతులెత్తి పైకి పట్టుకున్నారు. ఆడవాళ్ళు ఇక్కడి నుంచి వెనక్కి వెళ్ళాలని పెద్దవాళ్ళు అంటున్నా వినకుండా వదిన నా పక్కనే ఎక్కింది. పైకి వచ్చేసరికి కింద రెండు వ్యాగన్లు చప్పుడు లేకుండా దొర్లుకుంటూ పోతున్నాయి.

"బాబూ, ఆ దారి కన్నా ఈ దారి ఎంతెక్కువ?"

పాడె కింద ఉన్నవాడికి తల తిప్పడానికి వీలుండదు. ఎదురుగా చూస్తూనే చెప్పాను.

"నూట ఇరవై మీటర్లు వదినా."

"అంటే ఎంతుంటాది?"

"మీ వరస ఈ సివర్నించి ఆ సివరంత."

వంతెన మీద నాలుగడుగులు వేశాం. తర్వాత, "అంతేనా?" అంది. అవతలి మెట్లు దిగుతుండగా మళ్ళీ అడిగింది. "అంతేనా బాబూ?"

కింద ఎవరో దగ్గరికొచ్చి, నీ బదులు నేను భుజం పడతాను అన్నారు. వద్దన్నాను. రెండో భుజం ఇంకా మిగిలే ఉంది.